పాట ఎందుకు పిరమైంది?

ఉప్పు పిరమైతే అడుగుతాం, పప్పు పిరమైతే అడుగుతాం. బస్సు ఛార్జీ పెరిగితే విద్యార్థి సంఘం తరఫున ధర్నాకు కూడా కూర్చుంటాం. పాట పిరమైతే మాత్రం "ఉన్నోళ్ళు పోతరు, లేనోళ్ళు ఫోన్ల చూస్తరు, మనకెందుకు" అని ఊరుకుంటాం. ఈ ఊరుకోవడం సబబేనా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్నాను.

నేను ఆర్థికశాస్త్రం చదివేవాణ్ణి కాను. గణితం, భౌతికశాస్త్రం చదివే బి.ఎస్సీ. విద్యార్థిని. ఎల్లారెడ్డి పక్క పల్లెలో వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి. కనుక ఈ వ్యాసంలో లెక్కలు కాస్త ఎక్కువగానూ, వడ్లు ఇంకాస్త ఎక్కువగానూ కనిపిస్తే పెద్దలు మన్నించగలరు.

వడ్లతో కొలిస్తే

2024 సెప్టెంబరు 22న బ్రిటన్‌కు చెందిన కోల్డ్‌ప్లే సంగీత బృందం కచేరీలకు టిక్కెట్లు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు. కచేరీలు 2025 జనవరిలో నవీ ముంబైలోనూ, అహ్మదాబాదులోనూ జరిగాయి. నవీ ముంబై కచేరీకి మొదటి అమ్మకంలో టిక్కెట్టు 2,500 రూపాయల నుంచి 35,000 రూపాయల దాకా పలికింది. అవి క్షణాల్లో అయిపోయాయి. ఆ వెంటనే అవే టిక్కెట్లు వేరే చోట్ల లక్షల్లో అమ్మకానికి కనిపించాయి. ముంబై పోలీసుల ఆర్థిక నేరాల విభాగం విచారణ మొదలుపెట్టింది. అక్టోబరులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ కూడా పలుచోట్ల సోదాలు జరిపింది.

ఇది బొంబాయి ముచ్చట, మనకేం సంబంధం అనవచ్చు. కాని మన హైదరాబాదు కూడా ఆ బాటలోనే ఉంది. 2023 ఫిబ్రవరిలో గచ్చిబౌలి స్టేడియంలో ఇళయరాజా పాడించారు. 2024 నవంబరు 15న దిల్జిత్ దోసాంజ్ వచ్చారు. 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఇంగ్లండు గాయకుడు ఎడ్ షీరన్ పాడారు. కామారెడ్డి నుంచి హైదరాబాదు వంద కిలోమీటర్లు దాటి ఉంటుంది. ఎల్లారెడ్డి వాళ్ళకైతే కామారెడ్డి చేరడానికే మరో 40 కిలోమీటర్లు. మా తరగతి అమ్మాయిలకు 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సు ఉచితం. అంటే వాళ్ళు స్టేడియం గేటు దాకా దాదాపు ఖర్చు లేకుండా పోగలరు. గేటు దగ్గర ఆగిపోతారు.

రూపాయి విలువ ఏటేటా మారుతుంది కనుక రూపాయలతో కొలిస్తే సంగతి సరిగా తెలియదు. మా ఇంట్లో ఏ ఖర్చునైనా వడ్లలోకి మార్చి చూసుకుంటాం. 2024-25లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ లెక్కన కోల్డ్‌ప్లే 2,500 రూపాయల టిక్కెట్టు అంటే దాదాపు 109 కిలోల వడ్లు. 35,000 రూపాయల టిక్కెట్టు అంటే 15 క్వింటాళ్ళ పైచిలుకు. మా దిక్కు ఎకరానికి ఇరవై, ఇరవై ఐదు క్వింటాళ్ళు పండితే మంచి పంట కింద లెక్క. ఎరువు, నాటు, కోత ఖర్చులు తియ్యకముందే సగానికి పైగా ఎకరం పంట ఒక్క రాత్రి పాటకు సరి అన్నమాట!

ఈ లెక్క మా నాయినకు చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాడెటోనికి గన్ని వడ్లు ఎందుకు బిడ్డా? ఎన్నొద్దులు తింటడు?" అన్నాడు. నవ్వుకున్నా గాని ప్రశ్న మంచిదే. ఆ వడ్లు నిజంగా పాడేవాడికే పోతున్నాయా? పాట ఇంత పిరం కావడానికి కారణమేమిటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అదే కథ, అదే రాత్రి

మొదటి కారణాన్ని చెప్పినవారు విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు. 1966లో నాటక, సంగీత కళల ఆర్థిక ఇబ్బందుల మీద వాళ్ళొక పుస్తకం వెలువరించారు. వాళ్ళు చెప్పినదాన్ని మన ఊరి భాషలోకి మార్చి చెప్తాను.

మా తాత కాలంలో ఎకరం వరి కొయ్యడానికి కొడవళ్ళు పట్టి ఎనిమిది, పదిమంది ఒక రోజంతా వంగేవాళ్ళు. ఆ తర్వాత కట్టలు కట్టాలి, కల్లానికి మొయ్యాలి, బంతి కట్టి తొక్కించాలి, తూర్పార పట్టాలి. ఇప్పుడు హార్వెస్టరు వచ్చి గంట, గంటన్నరలో అన్నీ ముగించి పోతుంది. అంటే ఒక మనిషి ఒక గంటలో తీసే గింజలు ఎన్నో రెట్లు పెరిగాయి.

ఇక ఒగ్గు కథ సంగతి చూడండి. మల్లన్న కథ చెప్పాలంటే ఆనాడూ ప్రధాన కథకుడు కావాలి, ఈనాడూ కావాలి. వంత పాడేవాళ్ళు, డోలు వాయించేవాడు, తాళాలు వేసేవాడు కావాలి. చేతిలో ఒగ్గు, అంటే ఆ చిన్న డమరుకం, మోగాలి. ఆనాడు రాత్రంతా పట్టిన కథ ఈనాడూ రాత్రంతా పడుతుంది. మనుషుల్ని సగానికి తగ్గిస్తే అది ఒగ్గు కథ కాదు. వేగం రెట్టింపు చేసి అర్ధరాత్రికే లగ్గం చేసేస్తే వినేవాడు లేచిపోతాడు.

మిగతా పనుల్లో యంత్రాలు వచ్చి ఉత్పత్తి పెరిగినప్పుడు కూలి రేట్లు కూడా పెరుగుతాయి. డోలు వాయించేవాడికి అదే స్థాయిలో ఇవ్వకపోతే అతను డోలు మూలకు పెట్టి సుతారి పనికో, ట్రాక్టరు తోలడానికో పోతాడు. కనుక పాటలో ఉత్పత్తి పెరగకపోయినా పాడేవాడికిచ్చేది పెరగక తప్పదు. అందుకే వస్తువులు చౌకవుతున్న లోకంలో మనిషి ఎదురుగా కూర్చుని చేసే పనులన్నీ పిరమవుతాయి. చదువు చెప్పడం, వైద్యం చేయడం, పాట పాడడం ఈ కోవలోవే. ఆర్థికశాస్త్రంలో దీన్ని బామోల్ వ్యయ వ్యాధి అంటారు.

మైకు చేసిన మార్పు

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. గాయకుడు ఒకప్పుడు రెండువందల మందికి పాడితే ఇప్పుడు యాభై వేల మందికి పాడుతున్నాడు గదా, అది ఉత్పత్తి పెరగడం కాదా? ఆ లెక్కన టిక్కెట్టు చౌక కావాలి గదా? న్యాయమైన ఆక్షేపణే. దీనికి సమాధానం రెండు భాగాలు.

మొదటిది భౌతికశాస్త్రంలో ఉంది. ఆరుబయట ధ్వని తీవ్రత దూరం వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతవుతుంది, అంటే సుమారు 6 డెసిబెల్లు పడిపోతుంది. 10 మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి వినిపించినంత గట్టిగా 100 మీటర్ల దూరంలో ఉన్నవాడికి వినిపించాలంటే అదే చోటునుంచి 100 రెట్లు శక్తి కావాలి. అంత శబ్దం వేదిక దగ్గరే పెడితే ముందు వరుసవాళ్ళ చెవులు పోతాయి. అందుకని మైదానంలో కొంత దూరానికొక స్తంభం నిలబెట్టి స్పీకర్లు కడతారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, తీగలోని విద్యుత్ సంకేతం దాదాపు తక్షణం చేరుతుంది. కనుక 100 మీటర్ల దూరపు స్పీకరును సెకనులో మూడో వంతు కంటే కొంచెం తక్కువ ఆలస్యంగా మోగించాలి. లేకపోతే ఒకే పాట రెండుసార్లు వినిపిస్తుంది. ఈ ఏర్పాటుకు యంత్రాలు, నిపుణులు, జనరేటర్లు కావాలి. దూరం వాళ్ళకు గాయకుడు చీమంత కనిపిస్తాడు కనుక పెద్ద తెరలు కావాలి. వీటి పైన లారీలు, కాపలా, బీమా. వేపచెట్టు కింద ఒగ్గు కథకుడికి గొంతు ఒక్కటి చాలు.

రెండో భాగం షెర్విన్ రోజెన్ అనే ఆర్థికవేత్త 1981లో చెప్పాడు. మైకు, రేడియో, రికార్డు వచ్చాక అందరూ అందరిలోకీ మిన్న అయినవాణ్ణే వినగలరు. రెండో స్థాయి గాయకుడు మొదటివాడి కంటే ఇసుమంతే తక్కువైనా అతని దగ్గరికి పోయేవాళ్ళు చాలా తగ్గిపోతారు. అలా కొందరి దగ్గరే డబ్బంతా పోగవుతుంది. ఒకాయనే, ఒక్క రాత్రే, యాభై వేల కుర్చీలే. కోరేవాళ్ళు మాత్రం లక్షల్లో. కరువు నాడు బోరుబావి ఉన్న రైతు నీళ్ళు అమ్మినట్టే ఇది కూడా.

రికార్డు చౌకైంది

మూడో కారణం మన జేబులోనే ఉంది. ఒకప్పుడు గాయకుడికి ఆదాయం రికార్డుల మీద, క్యాసెట్ల మీద వచ్చేది. కచేరీ ఆ అమ్మకాలకు ప్రచారంలాంటిది. ఇంటర్నెట్టు వచ్చాక పాట దాదాపు ఉచితమైంది. 2002లోనే డేవిడ్ బోవీ అనే ఇంగ్లండు గాయకుడు పాట రేపు కుళాయి నీళ్ళలా, కరెంటులా దొరుకుతుందని, తోటి కళాకారులు ఇక కచేరీల మీదనే బతకాల్సి ఉంటుందని హెచ్చరించాడు. అమెరికా ఆర్థికవేత్త అలాన్ క్రూగర్ లెక్క తీస్తే 1996 నుంచి 2003 మధ్య అమెరికాలో కచేరీ టిక్కెట్టు సగటు ధర 82 శాతం పెరిగింది. అదే కాలంలో మామూలు వస్తువుల ధరలు పెరిగింది 17 శాతం. ఫోన్లో పాట ఉచితంగా వింటున్నామని మనం సంతోషిస్తున్నాం గాని, ఆ ఉచితం ఖరీదు మరొక గేటు దగ్గర వసూలవుతున్నది.

నడుమ ఉన్నవాళ్ళు, పన్ను

నాలుగో కారణం వడ్లు అమ్మినవాడికి వివరించక్కర్లేదు. రైతుకూ తినేవాడికీ నడుమ ఎందరున్నారో, పాడేవాడికీ వినేవాడికీ నడుమ కూడా అందరున్నారు. కచేరీ ఏర్పాటు చేసే కంపెనీ, మైదానం వాళ్ళు, టిక్కెట్లు అమ్మే యాప్, దాని సేవా రుసుము. అమెరికాలో లైవ్ నేషన్, టికెట్‌మాస్టర్ అనే రెండు పెద్ద సంస్థలు 2010లో ఒక్కటయ్యాయి. ఈ ఏకస్వామ్యం పోటీని చంపుతున్నదని 2024 మేలో అమెరికా న్యాయశాఖ దావా వేసింది.

నడుమ ఉన్నవాళ్ళలో బ్లాకువాడు ఒక వింత మనిషి. గాయకుడు జాలిపడి టిక్కెట్టు ధర తగ్గిస్తే ఆ తగ్గింపు అభిమానికి చేరదు, బ్లాకువాడి జేబులోకి పోతుంది. ధర పెంచితే బ్లాకువాడికి లాభం తగ్గుతుంది, కాని పేదవాడు ఎలాగూ బయటే. అందుకే ధర ఒక్కటే సవరిస్తే లాభం లేదు, అమ్మే పద్ధతిని సవరించాలి. టిక్కెట్టు మీద పేరు వేయడం, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూడడం, లాటరీ తీయడం అలాంటివి. అసలు ధరకు మించి తిరిగి అమ్మడాన్ని నిషేధిస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది.

ఇక పన్ను. మన దేశంలో 2018 జనవరి నుంచి మనిషికి 500 రూపాయలు మించని టిక్కెట్టున్న సంగీత, నాటక, నృత్య ప్రదర్శనలకు జీఎస్టీ లేకుండా చేశారు. దాటితే 18 శాతం. అసలు ధర 2,500 అయితే పన్నే 450 రూపాయలు. ఈ నిబంధనను నేను తప్పు పట్టను. 500 లోపు మినహాయింపు ఉండడం మన జిల్లాలాంటి చోట కార్యక్రమాలు చేసేవాళ్ళకు మేలే. ఆ మేలును మనం వాడుకుంటున్నామా అన్నదే ప్రశ్న.

టిక్కెట్టు లేని పాట

ఇంతదాకా పై మెట్టు మీద ఉన్నవాళ్ళ సంగతి చెప్పాను. ఇప్పుడు మన మెట్టు చూద్దాం. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో పాటకు టిక్కెట్టు ఎన్నడూ లేదు. ఒగ్గువాళ్ళు, చిందువాళ్ళు, శారదకాండ్రు ఊరికి వచ్చేవాళ్ళు, ఆడేవాళ్ళు, పాడేవాళ్ళు. మరి డబ్బు ఎవరిచ్చారు? ఊరు ఇచ్చింది. పంట కాలంలో కల్లంలో రాశి పోసినప్పుడు చాకలికి, మంగలికి, కమ్మరికి ఇచ్చినట్టే కళాకారులకూ గింజలు కొలిచేవాళ్ళు. దాన్ని మేర అనేవాళ్ళు. విన్నవాడూ విననివాడూ, ఉన్నవాడు ఎక్కువ, లేనివాడు తక్కువ ఇచ్చేవాళ్ళు. కూర్చునేటప్పుడు ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ వచ్చేవాళ్ళు.

ఆ పద్ధతి అంతా మంచిదని నేననను. మేరలో గింజలతో పాటు కులం గీత కూడా ఉంది. చిందు కళాకారులు మాదిగవాడల్ని ఆశ్రయించి బతికారు, వాళ్ళకు ఊరి నడుమ చోటు దొరకడం కష్టమే. ఇచ్చింది హక్కుగా కాక దయగా ఇచ్చినట్టు మాట్లాడినవాళ్ళూ ఉన్నారు. పాటకు చెవి ఇచ్చి, పాడినవాడికి పీట వెయ్యని ఊళ్ళు మనవి. ఆ కాలం తిరిగి రావాలని కోరుకోవడం తప్పు.

కాని కల్లం పోయింది. హార్వెస్టరు ట్రాలీలో పోసిన వడ్లు నేరుగా కొనుగోలు కేంద్రానికి పోతాయి, డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. రాశి లేదు కనుక రాశి కాడ నిలబడే కళాకారుడికి చోటు లేదు. మేర పోయింది, దాని స్థానంలో మరొకటి రాలేదు. ఉమ్మడి నిజామాబాదు జిల్లా పేరు దేశమంతా వినిపించిన చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూశారు. ఆమె తర్వాత ఆ స్థాయిలో చిందు వేసేవాళ్ళు మన జిల్లాలో ఎందరున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టాల్సిందే.

గౌరవాలు రాకపోలేదు. 2022లో కిన్నెర మొగులయ్యకు, 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు, బుర్రవీణ కొండప్పకు పద్మశ్రీ వచ్చింది. కాని పద్మశ్రీ పొందిన మొగులయ్యే కూలి పనికి పోతున్నారని 2024లో పత్రికలు రాశాయి. పతకం గోడకు పెట్టుకోవచ్చు, పొయ్యి మీద పెట్టలేం గదా.

ఇప్పుడు రెండు మెట్లనూ కలిపి చూడండి. బామోల్ చెప్పిన సూత్రం రెండుచోట్లా ఒకటే. మనిషి చేసే పాటకు ఖర్చు పెరుగుతుంది. పైన ఉన్నవాడు ఆ ఖర్చును టిక్కెట్టు మీద వేసి రాబట్టుకోగలడు, అందుకే టిక్కెట్టు పెరిగింది. కింద ఉన్నవాడికి టిక్కెట్టే లేదు, రాబట్టుకునే దారి లేదు, అందుకే అతను డోలు దించి కూలికి పోతున్నాడు. ఒకే సూత్రం ఒకచోట ధరగా కనిపిస్తే మరొకచోట నిశ్శబ్దంగా కనిపిస్తున్నది. పిరమైన పాటను గురించి పత్రికలు రాస్తాయి. ఆగిపోయిన పాటను గురించి రాసేవాళ్ళు తక్కువ.

మనం చేయగలిగింది

"ఎవరూ బలవంతంగా పొమ్మనలేదు, పాట అన్నం కాదు" అని కొందరు మిత్రులు వాదిస్తారు. నిజమే, కోల్డ్‌ప్లే వినకపోతే ఎవరూ చావరు. కాని పదిమంది ఒకచోట కూర్చుని ఎదురుగా పాడే మనిషిని వినడం అన్నది డబ్బున్నవాళ్ళకే మిగిలితే, మిగతావాళ్ళం ఒక్కొక్కరం ఒక్కొక్క ఫోను ముందు మిగిలిపోతాం. నష్టం అక్కడుంది.

దీనికి దారి లేదనుకోవద్దు. 1977లో ఢిల్లీ ఐఐటీలో కిరణ్ సేఠ్ అనే అధ్యాపకుడు స్పిక్ మెకే అనే ఉద్యమం మొదలుపెట్టారు. పెద్ద పెద్ద విద్వాంసులను కళాశాలలకు పిలిచి విద్యార్థులకు ఉచితంగా వినిపించడమే దాని పని. నడిపేది చాలావరకు స్వచ్ఛందంగా పనిచేసే విద్యార్థులు, అధ్యాపకులే. తిరువయ్యూరులో త్యాగరాజ ఆరాధనకు ఈనాటికీ టిక్కెట్టు లేదు. ఖర్చు ఎక్కడో ఎవరో భరిస్తున్నారు. భరించడం నేర్చుకుంటే టిక్కెట్టు అక్కర్లేదు.

మన సంగతికి లెక్క వేద్దాం. ఇవి నేను అనుకున్న అంకెలు, మార్చి వేసుకోవచ్చు. ఆరుగురు ఒగ్గు కళాకారుల బృందానికి మనిషికి రెండు వేల చొప్పున 12,000, రాకపోకలకు, భోజనానికి 3,000, మొత్తం 15,000 రూపాయలు. కళాశాలలో ఆరువందల మంది ఉంటే తలకు 25 రూపాయలు. ఆనాటి మద్దతు ధరలో చూస్తే ఒక కిలో వడ్ల పైన పిడికెడు. అక్కడ 109 కిలోలు, ఇక్కడ ఒక కిలో!

కనుక విద్యార్థి సంఘానికి నా మనవి ఇది. వార్షికోత్సవంలో డీజే బాక్సుల కోసం పెట్టే ఖర్చులో ఒక భాగం తీసి ఏటా ఒక ఒగ్గు బృందాన్నో, చిందు బృందాన్నో పిలవాలి. మాట్లాడుకున్న డబ్బు ఆ రోజే, వాళ్ళ చేతికే ఇవ్వాలి. వీడియో తీసి పెట్టుకోవాలంటే ముందు వాళ్ళను అడగాలి. ముఖ్య అతిథికి వేసిన కుర్చీ వంటిదే వాళ్ళకూ వెయ్యాలి, మనతోపాటు ఒకే పంక్తిలో భోజనం పెట్టాలి. మేరలో ఉన్న మంచిని, అంటే అందరూ తలా కొంత ఇచ్చి అందరూ వినడాన్ని, ఉంచుకుందాం. అందులోని గీతను చెరిపేద్దాం. పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు ఇందుకు చెయ్యి కలిపితే వచ్చే ఏడాదికే ఇది సాధ్యం.

పెద్ద స్టేడియాల గేట్లు మనం తెరవలేకపోవచ్చు. మన కళాశాల గేటు మాత్రం మన చేతిలోనే ఉంది. తలా కిలో వడ్లు పెట్టుకోగలమా లేదా అన్నదే మన ముందున్న ప్రశ్న.